చిగురేసిన సింహద్వారం

నావలోంచి నీళ్లు తోడటంతోనే వీరదుర్గకి తెల్లవారేది. ఆమె రేవులోకి దిగేసరికి ఆ ముసలి నావ సగం నిండి ఉండేది. మొగుడు బుల్లబ్బాయి గట్టున కూర్చుని వల చిక్కులు తీసుకుంటుంటే, ఆమె మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, పైభాగం కోసేసిన నూనె డబ్బాతో తోడి తోడి గౌతమిలో పోసేది. తోడినన్ని నీళ్లూ మళ్లీ పగుళ్లలోంచి లోపలికి వచ్చేవి.

"నేను చేపలు పట్టడానికి పుట్టానా, నీళ్లు తోడటానికి పుట్టానా?" అనేది రోజూ.

"ఈ ఒక్క ఏడాదే కదే. చెట్టుంది కదా," అనేవాడు బుల్లబ్బాయి. అదీ రోజూ.

ఆ చెట్టు వాళ్ల ఇంటి వెనక ఏటిగట్టు మీది గుమ్మడిటేకు. వీరదుర్గ పెళ్లయిన ఏడాది ఆమె తల్లి అప్పాయమ్మ తెచ్చి నాటింది. "ఇది పెరిగేలోపు మీ నావ ముసలిదైపోద్ది. అప్పుడు కోసుకుందురుగాని," అని చెప్పి, ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసి దాన్ని బతికించింది. తర్వాత తాను కన్నుమూసింది. ఇరవై రెండేళ్లలో చెట్టు ఒక్కరి కౌగిలికి అందనంత లావెక్కింది. పడవల మేస్త్రీ వీరబాబు వచ్చి కొలతలు చూసి, "దీంతో నావ చేస్తే మీ ఇద్దరి జీవితానికీ సరిపోద్దండి," అని చెప్పి వెళ్లాడు. వైశాఖంలో కొయ్యాలనుకున్నారు.

ఆ చెట్టుకి పురుగులుండేవి. గోరంత పురుగులు. వీపు నీలంలో ఆకుపచ్చ కలిసి మెరిసేది, మెడకి పసుపు రాసుకున్నట్టుండేది. తొలకరికి ఆకుల మీద చేరి జల్లెడ చేసేసేవి. వాటి పిల్లలు తమ పెంటని తామే వీపున మోసుకుంటూ తిరిగేవి. గుమ్మడిటేకు తప్ప ఇంకో ఆకు ముట్టేవి కావు. పక్కనే కానుగ ఉన్నా, బాదం ఉన్నా అటు తిరిగి చూడవు. చలికాలం వచ్చేసరికి బెరడు సందుల్లోనూ, వీరదుర్గ ఇంటి చూరులోనూ గుంపులుగా దూరి, మళ్లీ వాన పడేదాకా నిద్రపోయేవి.

వాళ్లుండే లంకలో ఏ చెట్టు కొయ్యాలన్నా, దాన్ని నమ్ముకున్న పురుగుల కోసం ఒక పద్ధతి ఉంది. ముందు చెట్టు మొదట్లో వచ్చిన పిలకనొకదాన్ని ఎదగనిస్తారు. తర్వాత చెట్టుగలవాళ్లు మాను మీద మూడుసార్లు తట్టి, "ఇదిగో మీ చెట్టు, ఇటు రండి," అని పురుగులకి ఆ పిలకని చూపిస్తారు. అవి దాని మీదకి మారాకే గొడ్డలి పెడతారు. అలా తట్టకుండా కోస్తే పురుగులు కలప ఎక్కడికెళ్తే అక్కడికెళ్తాయి. వాటి ఆకలి చూడలేక కలప చిగురేస్తుంది. ఏటికి వరదొస్తుందన్నంత మామూలు సంగతి ఇది. పసిపిల్లలకి కూడా తెలుసు.

మాఘంలో బుల్లబ్బాయి మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కని మొగుడూ పెళ్లాలు మూడు రోజులు యానాం వెళ్లారు. తిరిగొచ్చి ఆటో దిగేసరికి ఇంటి వెనక ఎప్పుడూ కనపడనంత ఆకాశం కనపడింది. వీరదుర్గ చేతిలో స్వీట్ల పెట్టె అక్కడే వదిలేసి పరిగెత్తింది. రంపం మిషన్ రాల్చిన పొట్టు గట్టంతా పరుచుకుని ఉంది. మిగిలిన మొదలు మీద యాసిడ్ పోశారు. అది నల్లగా మాడి ఇంకా వాసనేస్తోంది. పిలకని కూడా వదల్లేదు, నరికి ఏట్లో పారేశారు.

కోయించింది త్రిమూర్తులు. మత్స్యకార సొసైటీకి ప్రెసిడెంటు. అప్పాయమ్మకి పినతల్లి కొడుకు, అంటే వీరదుర్గకి మేనమామ వరస. ఆయన పడవ ఎక్కి ఇరవై ఏళ్లయింది. రావులపాలెం వెళ్లే రోడ్డు పక్కన కొత్తగా మేడ కట్టిస్తున్నాడు.

"మావయ్యా, మా అమ్మ నాటిన చెట్టు కోయించావా?" అని అడిగింది వీరదుర్గ, ఆ మేడ ముందు నిలబడి.

"ఏటిగట్టు మీది చెట్టు ఊరుమ్మడిదమ్మా. సొసైటీలో తీర్మానం రాశాం. మీరేమో ఊళ్లో లేరాయె," అన్నాడు త్రిమూర్తులు, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

"ఊరుమ్మడిదైతే నీ ఇంటికెందుకొచ్చింది?"

"ప్రెసిడెంటు ఇల్లంటే ఊరిది కాదేంటి?" అని నవ్వాడు.

"పోనీ, పురుగులకైనా చెప్పించావా?"

"నిద్రపోయేవాటికి ఏం చెప్తామమ్మా! మిషన్ వాళ్లకి గంటే టైముంది."

వీరదుర్గకి ఒళ్లు మండిపోయింది. దొంగతనం చేసినవాడు తల దించుకుంటాడనుకుంటాం. వీడు తీర్మానం చూపిస్తున్నాడు! ఆ రోజు నుంచి ఆమె అతన్ని మావయ్యా అనడం మానేసింది. ఎదురుపడితే "ప్రెసిడెంటు గారండి" అనేది. ఆ 'అండి' వింటే పక్కనున్నవాళ్లకే చెమటలు పట్టేవి.

స్టేషన్‌కి వెళ్తే, చెట్టుకి కాగితం ఉందా అని అడిగారు. "మా అమ్మ మొక్క నాటిందండి, కాగితం నాటలేదు," అని చెప్పి వచ్చేసింది. ఇక ఊరంటారా, ఆ చెట్టెవరిదో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. దాని నీడన కూర్చునే అందరూ వలలు బాగు చేసుకున్నారు. కానీ అందరి కాగితాలూ త్రిమూర్తులు సంతకం కోసం అతని బల్ల మీదే ఉంటాయి. అడిగితే నేల చూపులు చూశారు. పురుగుకున్నపాటి నిక్కచ్చి మనిషికి లేకపోయింది. ఒక్క చెట్టుని నమ్ముకుని, అది లేకపోతే చస్తాం గానీ పక్క చెట్టెక్కం అనే జాతిని చూరులో పెట్టుకుని బతికింది వీరదుర్గ. ఊరివాళ్లని చూస్తే ఆమెకి త్రిమూర్తుల్ని చూసినదానికన్నా ఎక్కువ కోపం వచ్చేది.

"పోనీలేవే," అన్నాడు బుల్లబ్బాయి.

"నావ పోనీ, చెట్టు పోనీ, రేపు ఇల్లు పోనీ అంటావా? ఇంకోసారి ఆ మాటంటే నిన్ను పోనిచ్చేస్తాను!"

అతను ఇంకోసారి అనలేదు.

చైత్రంలో ముసలి నావ అడుగు ఊడి, రేవులోనే కూర్చుండిపోయింది. బుల్లబ్బాయి రొయ్యల చెరువుకి కాపలా వెళ్లాడు. వీరదుర్గ షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి కుదిరింది. పొద్దున్నించీ ఐసులో చేతులు పెట్టి, వేళ్లు చీరుకుపోయి, సూపర్‌వైజరు చేత 'త్వరగా, త్వరగా' అనిపించుకోవడం. ఏటి మీద తనకి ఎవరూ టైము చెప్పింది లేదు. రొయ్య తల తుంచినప్పుడల్లా ఆమె కళ్లముందు ఒకే మనిషి ఉండేవాడు.

ఈలోగా మాను మండపేట మిల్లుకి కోతకెళ్లి, చెక్కడానికెళ్లి, జ్యేష్ఠంలో లారీ మీద సింహద్వారంగా తిరిగొచ్చింది. రెండు తలుపులు, ఒక్కోదాని మీద ఒక్కో ఏనుగు, పైన పద్మం. గృహప్రవేశానికి ముందురోజు తొలి వాన పడింది. వీరదుర్గ ఇంటి చూరులోంచి పురుగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మాడిన మొదలు చుట్టూ పగలంతా తిరిగాయి. వాటిని చూస్తూ గడప మీద కూర్చున్న వీరదుర్గకి, చెట్టు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే అంది, "నన్నేం చూస్తారు? నా దగ్గర లేదు. వెళ్లి అడగండి."

మర్నాడు ఉదయం పంతులుగారు మంత్రాలు చదువుతుండగా అవి సింహద్వారం మీద వాలాయి. వందలు కాదు, వేలు. ఏనుగులు రెండూ నీలంగా అయిపోయాయి. చూస్తుండగానే గుమ్మం పైనుంచి ఒక చిగురు బయటికొచ్చింది. పంతులుగారు మామిడి తోరణంలో ఆకనుకుని దానిక్కూడా పసుపు నీళ్లు చల్లారు.

"పాపం, ఆకలి మీదున్నాయి," అంది ఒకావిడ, పళ్లెంలో పులిహోర పెట్టించుకుంటూ.

"తట్టకుండా కొయ్యొద్దని చెప్పానా లేదా?" అంది త్రిమూర్తులు భార్య సంపూర్ణమ్మ, అందరి ముందూ. "చెప్తే వింటేగా!"

త్రిమూర్తులు మందు కొట్టించాడు. ఇంట్లోవాళ్లకి దగ్గు పట్టుకుంది గానీ ఒక్క పురుగూ రాలలేదు. కొమ్మ నరికిస్తే నరికినచోట రెండు మొలిచాయి. వారం తిరిగేసరికి తలుపులు మూసుకోవడం మానేశాయి. గొళ్లెంలోంచి రెమ్మ దూరింది. ఊరి మేకలన్నీ ఆకు కోసం హాల్లోకి వచ్చి సోఫాలెక్కాయి. గడప లావెక్కి, దాటాలంటే సంపూర్ణమ్మకి స్టూలు వెయ్యాల్సొచ్చింది. తొమ్మిదో రోజున ఆవిడ పుట్టింటికి వెళ్లిపోయింది.

పదో రోజు మధ్యాహ్నం త్రిమూర్తులు రొయ్యల షెడ్డుకి వచ్చాడు. తల తీత ఆగిపోయింది. నలభై మంది ఆడవాళ్లు చేతులు ఐసులోనే ఉంచి చూస్తున్నారు.

"వీరదుర్గా, ఒక్కసారి వచ్చి తట్టమ్మా. చెట్టుగలవాళ్ల చెయ్యి పడితే గానీ అవి కదలవు."

"నేను తట్టడమేంటండి ప్రెసిడెంటు గారూ? ఊరుమ్మడి చెట్టు కదా. ఊరిని తట్టమనండి."

"అదేదో పొరపాటు జరిగిపోయింది."

"పొరపాటంటే వల చినగడం. మీరు యాసిడ్ కొనుక్కొచ్చారు."

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. త్రిమూర్తులు మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "ఇప్పుడేమంటావ్?" అన్నాడు.

వీరదుర్గ చేతులు తుడుచుకుంది. నాలుగు నెలలుగా ఈ మాట కోసమే నోట్లో ఎన్నో తిట్లు పోగేసి ఉంచుకుంది. తీరా సమయం వచ్చేసరికి తిట్లతో తన నావ తిరిగి రాదనిపించింది.

"ఇక్కడే చెప్పండి, ఆ చెట్టెవరిదో. గట్టిగా. తర్వాత ఆ ద్వారం ఊడదీసి, మీ భుజం మీద పెట్టుకుని మా గట్టుకి తీసుకురండి. అప్పుడు తడతాను."

"మన వాళ్ల ముందు నా పరువు—"

"మీ ఇష్టమండి. మేకలకి మంచిదే."

ఆమె మళ్లీ రొయ్యల ముందు కూర్చుంది. రెండు తలలు తుంచింది. మూడోది తుంచబోతుండగా వెనకనుంచి, "అప్పాయమ్మ చెట్టు. మా అక్క నాటిన చెట్టే," అని వినపడింది. అవతల ఐసు కొట్టేవాళ్లకి కూడా వినపడింది.

సింహద్వారం గట్టుకి వచ్చింది. ముందు త్రిమూర్తులు, వెనక సాయం పట్టిన ముగ్గురు, పైన పురుగులు. ఇన్నాళ్లూ నేల చూపులు చూసినవాళ్లు ఇప్పుడు ఎదురొచ్చి, "మాకు ముందే తెలుసు," అన్నారు. "తెలుసు గనకే మీతో మాట్లాడను," అంది వీరదుర్గ.

మేస్త్రీ వీరబాబు తలుపుని జానతో కొలిచి పెదవి విరిచాడు. "దీంతో తొట్టి అవుద్దండి, నావ అవదు."

"ఇప్పుడే తట్టను. వాటిని తిననివ్వండి. మీకెంత కావాలో అంత పెరగనివ్వండి," అంది వీరదుర్గ.

పెరిగింది. ద్వారబంధం నిలువునా సాగింది. తలుపు చెక్కలు రోజుకి మూరెడు చొప్పున పొడుగయ్యాయి. పురుగులు తింటున్నకొద్దీ కలప ఆకులేసుకుంటూ, ఒళ్లు చేసుకుంటూ పోయింది. వీరబాబు గొణుగుడు మాత్రం ఆగలేదు. "నిన్న కొలిచింది ఇవాళుండదు, ఇవాళ కొలిచింది రేపుండదు. ఇలాగైతే పని జరగదండి బాబూ. కాస్త ఆగమనండి!" అనేవాడు, చిత్రిక పడుతూ. నావకి సరిపడా చెక్క వచ్చిన రోజున వీరదుర్గ గుమ్మానికి మొలిచిన రెమ్మల్లో బలమైనదాన్ని కోసి, మాడిన మొదలు పక్కన నాటింది. అది అంటుకుని నాలుగాకులు వేసింది. అప్పుడు చెక్క మీద మూడుసార్లు తట్టింది.

"ఇదిగో మీ చెట్టు. ఇటు రండి."

అవి లేచి ఆ చిన్న మొక్క మీదికి మారాయి. చోటు చాలనివి ఆమె ఇంటి చూరులోకి దూరాయి. కలప పెరగడం ఆగింది.

శ్రావణంలో నావని నీళ్లలోకి దించారు. ముందు భాగాన అటొకటి ఇటొకటి ఏనుగులున్నాయి. సాగిపోయి కాస్త సన్నబడ్డాయంతే. బుల్లబ్బాయి అడుగుచెక్కంతా చేత్తో తడిమి చూశాడు. చుక్క తడి లేదు. నూనె డబ్బా అవసరం లేకపోయినా అలవాటు కొద్దీ ఎక్కించాడు. "దాన్ని గట్టున పడెయ్!" అని కసిరింది వీరదుర్గ. కసురుతూనే నవ్వింది.

త్రిమూర్తులు కొత్తింటికి సింహద్వారం చోట ఇనప షట్టర్ పెట్టించుకున్నాడు. దారినపోయేవాళ్లు కొట్టనుకుని ఆగి, సిమ్ కార్డులున్నాయా అని అడుగుతున్నారు. ఇరవై ఏళ్లుగా ఎన్ని తీర్మానాలు రాశాడో గానీ, ఈమధ్య ఆ ఇంట్లోంచి ఒక్కో సామానూ వాకిట్లోకి వస్తోంది. బల్లలు, కుర్చీలు, పందిరి మంచం. లోపల పురుగు కదులుతోందేమోనని ఆయన ఒక్కోదానికీ చెవి పెట్టి వింటాడు. వీధిలో ఆడవాళ్లు వాటిని తేరిపార చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్తారు.

ఒక పూట ఆయన రేవులోకి దిగాడు, కండువా చేత్తో నలుపుకుంటూ. నావని లోతుకి తోస్తున్న వీరదుర్గ ఆగలేదు.

"వీరదుర్గమ్మా, అప్పాయమ్మక్క ఊరందరి చెట్లూ ఎరుగును. నీకేమైనా చెప్పిందేమో అని. మా పందిరి మంచం ఉంది చూడు, వేపది. అదెవరింటి చెట్టో నాకే గుర్తు రావట్లేదు. నీకు తెలుసా?"

వీరదుర్గ నావలోకి ఎక్కి గెడ అందుకుంది. ఇన్నాళ్లలో మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

"తెలుసండి ప్రెసిడెంటు గారూ," అంది. "ఆకులేశాక మీకూ తెలుస్తుందిలెండి."