పిలిచే గంట

ఊర్మిలకు పెట్టిన అన్నాన్ని పిట్ట ముట్టలేదు. ఆమె పోయిన మూడోనాడు చెరువు పక్కన విస్తరాకు పరిచి, ఆమెకిష్టమైన మక్క గారెలతో సహా అన్నీ వడ్డించి, పొద్దు వాలేదాకా ఎదురుచూశారట. కాకి వచ్చింది, తుమ్మ కొమ్మ మీద కూర్చుంది, చూసింది, పోయింది. "నీ కోసమే సూస్తున్నది బావా," అన్నాడు బామ్మర్ది ఫోనులో. ఏం మనిషో! ఆ ఒక్క మాట కడుపులో దాచుకుంటే ఏం పోయేది? చెప్పినవాడికి బరువు దిగింది. విన్న ఎల్లన్న సౌదీలో, అల్ ఖోబర్‌లో, ఎర్రటి ఎండలో, నీళ్ల పైపు పట్టుకుని గడ్డి మీద అట్లాగే నిలబడిపోయాడు.

ఎల్లన్నది జగిత్యాల దగ్గరి పల్లె. ఇక్కడ ఇంజనీర్లుండే విల్లాల కాంపౌండులో తోట పని. జూన్ చివర్లో భార్య ఊర్మిలకు డెంగీ వచ్చింది. కరీంనగర్ ఆసుపత్రి మంచం మీది నుంచి ఆమె అడిగింది ఒకటే, వస్తున్నావా అని. వస్తున్నా అన్నాడు. అబద్ధం కాదు, టికెట్టుకు డబ్బు కూడా సర్దుకున్నాడు. కానీ కంపెనీ అతని ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు దాటినా రెన్యువల్ చేయించలేదు. అది లేకపోతే దేశం దాటనివ్వరు. ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఆ పని చూసేవాడు సెలవులో ఉన్నాడన్నారు. సెలవు నుంచి వచ్చినవాడు ఇంకొకడి మీదికి తోశాడు. వాళ్ల ఆఫీసు పాడుగాను! కాగితం చేతికొచ్చేసరికి ఊర్మిల బూడిదై రెండు రోజులైంది. ఇప్పుడు పోయి ఎవరి ముఖం చూడాలని ఎల్లన్న ఆగిపోయాడు.

పగలు ఎట్లాగో గడిచేది. సాయంత్రాలే పీక్కుతినేవి. డ్యూటీ దిగాక క్యాంపులో ఒక్కొక్కరూ ఒక్కో మూల చేరి ఇళ్లకు ఫోన్లు చేసుకుంటారు. ఎల్లన్న కూడా అలవాటు కొద్దీ ఫోను తీస్తాడు. పిల్లలు లేరు. ఎవరికి చేయాలి? పక్క మంచం మౌలాలిది. కడప మనిషి, కాంపౌండు బస్సు నడుపుతాడు. ఊళ్లో ఉన్న భార్య రహమత్బీతో ఫోనులో నవ్వుతూ మాట్లాడేవాడల్లా ఎల్లన్న లోపలికి రాగానే గొంతు తగ్గించేవాడు. మంచితనమే, కాదనను. కానీ ఆ తగ్గించడం ఎల్లన్నకు ఇంకా ఎక్కువ గుచ్చుకునేది.

ఇక కాంపౌండు చివరి విల్లాలో ఒక జపాన్ ఇంజనీరు ఉన్నాడు. అందరికీ జపాన్ సారే. ఈ ఎండల్లో కుండీల్లో దోసకాయలు కాయించాలని ఆయన పట్టుదల. ఏటా ఓడిపోతాడు, ఏటా ఎల్లన్నను సాయం పిలుస్తాడు. ఇద్దరి మాటల్లో సగం అరబీ, పావు హిందీ, మిగతావి చేతులు. ఊర్మిల సంగతి తెలిసిన రోజు ఆయన కుండీలో మట్టి పిసుకుతూ కూర్చున్నాడు. తర్వాత, తన భార్య కూడా లేదని, ప్రతి ఆగస్టులో క్యోటో పోయి ఆమెను పిలుస్తానని చెప్పాడు.

పిలవడమేమిటని ఎల్లన్న అడిగాడు. క్యోటోలో రోకుదో అనే చోట పాత గుడి ఉందట. అక్కడి గంట కంటికి కనపడదు, గోడల మధ్య మూసి ఉంటుంది. బయటికి వేలాడే తాడును గుంజితే లోపల మోగుతుంది. ఆ మోత కింది లోకందాకా పోయి చనిపోయినవాళ్లను పిలుచుకొస్తుందట. వచ్చి కొన్నాళ్లుండి పోతారట. నీ భార్యను కూడా పిలవనా అని అడిగాడు, బజారుకు పోయేవాడు నీకేమైనా తేవాలా అన్నంత మామూలుగా. ఎల్లన్న తలూపాడు.

అట్లా మొదలైంది ఎల్లన్న క్యోటో యాత్ర. ఎండాకాలం మధ్యాహ్నం పూట బయటి పని నిషేధం కాబట్టి మోటారు గదిలో కూర్చునేవాడు. ఇక్కడ మధ్యాహ్నమైతే అక్కడ చీకటి పడే వేళ. ఆగస్టులో క్యోటో చేరిన జపాన్ సార్ వీడియో కాల్ చేసి ఊరంతా తిప్పేవాడు. నాచు పట్టిన రాళ్లు, అంతస్తుల గోపురాలు, కళ్లు సగం మూసిన బుద్ధుడు. ఒక కొండ నిండా ఎర్ర తోరణాలు, వాటి మధ్య రాతి నక్కలు. బుద్ధుడి గుడిలో ఊరికే చేతులు జోడించాలి. ఈ నక్కల దేవుడి దగ్గరైతే వంగి దండం పెట్టి, రెండుసార్లు చప్పట్లు కొట్టాలి. ఎల్లన్న ఇక్కడి నుంచే కొట్టాడు. ఇక్కడ మన దేవుళ్లను బయటపెట్టకూడదు కాబట్టి అతని కొండగట్టు అంజన్న ట్రంకులో బట్టల కింద ఉన్నాడు. దేవుడి ముందు బాహాటంగా నిలబడి ఎన్నేళ్లయిందో!

"ఇన్ని నక్కలుండాయి గదా, మీ సారు యాదో ఒకదాని తోక తొక్కే ఉంటాడులే," అన్నాడు మౌలాలి వెనక నుంచి తొంగిచూసి. ఎల్లన్న పకపకా నవ్వేశాడు. నవ్వాక, నవ్వినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట అన్నం సయించలేదు.

పిలిచే రోజు రానే వచ్చింది. గుడి ముందు పెద్ద వరుస. ముసలివాళ్లు, పిల్లల్నెత్తుకున్న తల్లులు, చేతుల్లో పచ్చటి కొమ్మలు. ఎవరికీ తొందర లేదు. తాడు దగ్గరికి చేరాక జపాన్ సార్ ముందు తన భార్య కోసం గుంజాడు. భూమి అడుగు నుంచి వచ్చినట్టు బొంగురుగా మోగింది. ఎల్లన్న ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన మళ్లీ తాడు పట్టుకుని, నోరు తిరగకపోయినా, "ఉరుమిరా" అన్నాడు.

"ఆగుండ్రి సార్!" అన్నాడు ఎల్లన్న. అరబీ, హిందీ అన్నీ మరిచిపోయి తెలుగే వచ్చింది. "పిలువకుండ్రి. పిలిస్తే అస్తది. కరీంనగర్ దాటి ఎరుగదు, దారి అడుక్కుంట అడుక్కుంట అస్తది. అచ్చినంక నేను ఆడ ఉండ గద సార్. గీసారి గూడ నేను లేకపోతే ఎట్ల?"

ఒక్క ముక్క అర్థమై ఉండదు ఆయనకు. అయినా మెల్లగా తాడు వదిలేశాడు.

రెండు రోజులు ఎల్లన్న సార్ ఫోను ఎత్తలేదు. అంత దూరంలో నీ కోసం నిలబడిన మనిషిని అట్లా ఆపేస్తావా అని మౌలాలి చీవాట్లు పెట్టాడు. తర్వాత తనే ఫోను చేసి, ఎల్లన్న మాటల్ని హిందీలో ఆయనకు విడమరిచి చెప్పాడు. చివరికి ఎల్లన్న ఒకటే అడగమన్నాడు, పిలిచే గంట ఉన్నప్పుడు పంపే గంట లేదా అని. ఉందట. అదే ఊళ్లో, బజారు మధ్య ఇంకో చిన్న గుడిలో. పదహారో తారీఖున కొడతారట. ఎక్కడ తిరుగుతున్నవాళ్లకైనా వినపడుతుందని పెద్దలంటారట.

పదహారున మౌలాలి మోటారు గది గడప మీద కూర్చుని, ఇటు వచ్చినవాళ్లనల్లా వెనక్కి పంపాడు. లోపల ఎల్లన్న లేచి నిలబడ్డాడు. ఫోనులో దుకాణాల వెలుతురు, దాని మధ్య గుడి. జపాన్ సార్ కొయ్య సుత్తి పట్టుకుని, ఫోనును గంట దగ్గరగా పెట్టి, తల వంచుకుని ఆగాడు.

"ఊర్మిలా," అన్నాడు ఎల్లన్న. "అస్తున్న అన్న నీకు. రాలేదు. రానియ్యలేదు. ఇగ అచ్చినా నువ్వు లేవు. నా కోసం సూడకు."

ఇంకొక్క మాట మిగిలింది. ఉప్పు కోసం కొట్టుకు పోయేవాళ్లనైనా మనం పోయిరమ్మనే అంటాం. ఎల్లన్న నాలుక మీదికి కూడా ఆ మాటే వచ్చింది. ఆ మాటంటే ఆమె మళ్లీ వెనక్కి తిరుగుతుంది, మళ్లీ కూర్చుని ఎదురుచూస్తుంది. పళ్లు బిగబట్టి దాన్ని మింగేశాడు.

"పో," అన్నాడు.

జపాన్ సార్ గంట కొట్టాడు. ఆ మోత సన్నబడి సన్నబడి బజారు చప్పుళ్లలో కలిసిపోయేదాకా ఎల్లన్న ఫోనును చెవికి అదుముకున్నాడు. ఊర్మిల పోయిన నెలన్నరకు, అప్పుడు ఏడ్చాడు.