పిడుగుల కనుమ కింద పదిహేడో ఎక్కం

అన్నయ్య మోకాలు మొరాయించకపోతే బుల్లి జన్మలో ఆ కొండదారి మొహం చూసేది కాదు. మొత్తం ఇరవై రెండు రోజులు, మూడు వందల ముప్పై కిలోమీటర్లు, ఇల్లూ వాకిలీ వీపున వేసుకుని నడక. అన్నయ్యా వదినా రెండేళ్ళుగా దానికి మ్యాపులు చూసుకుంటున్నారు. వదిన రిటైరవగానే బయల్దేరాలని వాళ్ళ ఏర్పాటు. తీరా టెంటూ బూట్లూ అన్నీ కొన్నాక అన్నయ్య మోకాలికి ఆపరేషన్ పడింది. ఆర్నెల్ల పాటు మేడ మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు డాక్టరు.

"నా బదులు నువ్వు వెళ్ళిరావే" అన్నాడు ఫోన్లో, వీధి చివరికి వెళ్ళి పాలు తెమ్మన్నంత తేలిగ్గా.

బుల్లి అసలు పేరు ఆ ఇంట్లో ఎవరూ వాడరు. నలభై తొమ్మిదేళ్ళు నిండాయి, సొంతంగా కుట్టు దుకాణం నడుపుతోంది, జుట్టు సగం నెరిసింది, అయినా ఆమె బుల్లే. వదిన మాత్రం ఎవరికీ ముద్దుపేరు పెట్టాలనిపించని మనిషి. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. పెళ్ళయి ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికి బుల్లి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారికి సిద్ధమవుతోంది. అలాంటి పిల్ల ఇంట్లోకి వచ్చిన లెక్కల టీచర్ని ఏమని పిలుస్తుంది? "వదినా, మీరు" అంది. ఆ "మీరు" ముప్పై ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది. ఇద్దరి మధ్యా మాట పట్టింపులేమీ లేవు. మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు. వచ్చారా, తిన్నారా, చాలు చాలు వడ్డించకండి, ఇంతే. ఇప్పుడు ఆ ఇద్దరూ మూరెడు ఎడంలో, ఒకే టెంటులో, ఇరవై రెండు రాత్రులు పడుకోవాలి.

"దుకాణం ఎవరు చూస్తారు?" అంది బుల్లి, ఆఖరి ప్రయత్నంగా.

"నీ దగ్గర ఇద్దరు పనివాళ్ళున్నారుగా. బడి యూనిఫాంల పని కూడా అయిపోయిందన్నావుగా."

అంతా కనుక్కునే ఫోన్ చేశాడన్నమాట. బుల్లి ఒప్పుకుంది.

బయల్దేరే ముందురోజు వదిన వంటింటి తూకం తెచ్చి వరండాలో పెట్టింది. బ్యాగులోకి వెళ్ళే ప్రతి వస్తువూ దాని మీదికి ఎక్కి దిగాల్సిందే. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేసింది. బుల్లి రెండో తువ్వాలును పక్కన పడేసింది. దువ్వెన చేతిలోకి తీసుకుని కాసేపు ఆలోచించి, "సగం పళ్ళు చాలు" అని దాన్నీ విరిచింది. వదిన లోపలికి వెళ్ళిన క్షణంలో బుల్లి అరకిలో వేయించిన వేరుశనగలు స్లీపింగ్ బ్యాగులో దోపేసింది.

మొదటి నాలుగు రోజులూ బుల్లి ప్రాణం కడబట్టింది. పొద్దున్నే తడిసిన టెంటు దులిపి చుట్టాలి. చలికి వేళ్ళు వంగవు. అరచేయంత స్టవ్ మీద నీళ్ళు మరిగించి ఓట్సు కలుపుకోవాలి. గిన్నె అడుగున మిగిలిన జిగురు కడిగేలోపు వదిన బూట్ల తాళ్ళు బిగించుకుని, రోజువారీ పట్టిక రాసిన కాగితం చూస్తూ నిలబడి ఉండేది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ నీళ్ళు నింపుకోవాలి, ఎన్నింటికి భోజనం, అన్నీ అందులో గళ్ళు గీసి రాసింది. రాళ్ళ మీద తెల్లరంగు గీతలు దారి చూపేవి. ఒక గీత కనబడితే చాలు, వదిన నడక జోరందుకునేది. వెనక బుల్లి, బ్యాగుకు పిన్నీసులతో తగిలించిన తడి మేజోళ్ళు అటూ ఇటూ ఊగుతుండగా, ఆయాసపడుతూ నడిచేది.

ఇక ఆ వాతావరణం సంగతి చెప్పనక్కర్లేదు. ఎండ కాస్తోంది కదా అని స్వెటర్ విప్పితే మంచు కమ్మేది. చినుకులు పడుతున్నాయని ఆగి, బ్యాగు దించి, అడుగునున్న రెయిన్‌కోటు పైకి లాగి, చేతులు దూర్చి, జిప్పు గొంతు దాకా లాక్కునేసరికి వాన వెలిసేది. కోటు విప్పి మడిచి లోపల పెట్టగానే మళ్ళీ మొదలు. మూడోరోజు పదకొండు సార్లు అలా జరిగింది. లెక్కపెట్టింది ఎవరో చెప్పక్కర్లేదు.

అయిదోరోజు మధ్యాహ్నం వదిన ఒక రాతి మీద కూర్చుని భుజాలు నొక్కుకుంటుంటే బుల్లి చూసింది. రెండు భుజాల మీదా పట్టీలు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. నాలుగు రోజులుగా ఆమె ఆ మాటే ఎత్తలేదు.

"ఒకసారి లేచి నిలబడండి" అంది బుల్లి. నిలబడింది. బుల్లి ఆమె చుట్టూ తిరిగి, దుకాణంలో కొలతలకు వచ్చినవాళ్ళను చూసినట్టు తేరిపార చూసింది. "బరువు తుంటి మీద నిలవాలి, భుజాల మీద కాదు. ఈ నడుం పట్టీ మీకు రెండంగుళాలు వదులు. ఇది అన్నయ్య కొలతకు కొన్నది కదూ?"

"ఆయన బ్యాగే ఇది. పెద్దదని నేను తీసుకున్నాను."

సూదీ మైనం పూసిన దారం బయటికి తీసి బుల్లి అక్కడే చతికిలబడింది. పట్టీ మడిచి, జంటకుట్టు వేసి, పళ్ళతో దారం తెంపింది. వదిన బ్యాగు తగిలించుకుని నాలుగడుగులు వేసింది, తిరిగొచ్చింది, మళ్ళీ నాలుగడుగులు వేసింది.

"మూడు కిలోలు తగ్గినట్టుంది" అంది. ఆవిడ నోట "తగ్గింది" అని కాక "తగ్గినట్టుంది" అని రావడం బుల్లి మొదటిసారి వినడం. ఆ ఊపులో స్లీపింగ్ బ్యాగులోంచి వేరుశనగల పొట్లం తీసి చేతిలో పెట్టింది. వదిన పొట్లాన్ని అరచేతిలో ఆడించి, "నాలుగు వందల గ్రాములు" అని, గుప్పెడు నోట్లో పోసుకుంది.

అసలు కథ పదోరోజున జరిగింది. ఆ రోజు దాటాల్సింది దారి మొత్తంలోకీ ఎత్తయిన కనుమ. దాన్ని అందరూ పిడుగుల కనుమ అనేవాళ్ళు. కింద నడకవాళ్ళు దిగే బసను చూసుకునే కాపరి, బుర్ర మీసాల పెద్దాయన, ముందురోజు సాయంత్రమే చెప్పాడు. "పన్నెండింటికల్లా అవతలికి దిగిపోవాలమ్మా. మధ్యాహ్నం దాటితే పిడుగుకు మనిషీ మానూ తేడా తెలీదు."

పట్టికలో వదిన పదకొండున్నర అనే రాసుకుంది. కానీ ఆ పొద్దున బుల్లి బూటు అడుగు ఊడి నాలుక చాపింది. దాన్ని తాడుతో కట్టి, దారంతో బిగించి, కాలు పెట్టి చూసుకునేసరికి గంటన్నర పోయింది. వదిన రెండుసార్లు వాచీ చూసుకుంది, అంతే. బుల్లికి తిట్టినా బాగుండుననిపించింది.

ఒంటి గంటకు కనుమ ఇంకా అరగంట దూరంలో ఉంది. ఆకాశం కడిగిన గాజుపలకలా ఉంది. పావుగంట గడిచేసరికి శిఖరం వెనకనుంచి మబ్బు లేచి, సగం ఆకాశాన్ని మూసేసింది. గాలి ఒక్కసారిగా చల్లబడింది. మెరుపు మెరిసింది.

వదిన ఆగి లెక్కపెట్టింది. ఉరిమింది. "తొమ్మిది సెకన్లు. మూడు కిలోమీటర్లు."

మళ్ళీ మెరిసింది. "ఆరు."

"వదినా, ఏం చేద్దాం?"

"దిగుదాం. ఆ పల్లంలోకి."

వచ్చిన దారినే గట్టు దిగి, రాళ్ళ మధ్య గిన్నెలాంటి పల్లంలోకి చేరారు. ఈసారి మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లే పట్టింది. వదిన ఊతకు పట్టుకున్న లోహపు చేతికర్రలు రెండూ దూరంగా విసిరేసింది. గొంతు బళ్ళో మోగినట్టే మోగింది. "నువ్వక్కడ, నేనిక్కడ. ముప్పై అడుగులు ఎడంగా. బ్యాగు మీద కూర్చో, పాదాలు దగ్గరగా పెట్టుకో, తల వంచుకో. నేను చెప్పేదాకా లేవకు."

"ఎడంగా ఎందుకు?"

"ఒకరి మీద పడితే రెండోవాళ్ళు మిగలాలి కదా."

ఆ మాటతో బుల్లి పైప్రాణాలు పైనే పోయాయి. వెళ్ళి కూర్చుంది. వడగళ్ళు మొదలయ్యాయి. మొదట శనగగింజలంత, తర్వాత గోళీలంత. వీపు మీదా నెత్తి మీదా టపటపా కొడుతున్నాయి. ఆ చప్పుడులోంచి వదిన గొంతు వినిపించింది. ఏదో మంత్రం చదువుతోందనుకుంది బుల్లి. చెవి ఒగ్గి వింది.

"పదిహేడు ఒకట్ల పదిహేడు. పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి."

ఎక్కం చదువుతోంది. ఒక్కో మెరుపుకూ గొంతు ఒక్కో మెట్టు పైకి లేస్తోంది. ఆవిడ భయపడుతోందని బుల్లికి అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి భయపడగా చూడలేదు. ఎక్కాలంటే బుల్లికి ఒకప్పుడు చలిజ్వరం వచ్చేది, ఇప్పుడు ఆ ఎక్కమే విడవకుండా పట్టుకుంది. అది వినబడుతున్నంతసేపూ అక్కడ మనిషి ఉన్నట్టు.

"పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏడులు..."

కళ్ళ ముందు అంతా తెల్లబారింది. చప్పుడు చెవులతో కాదు, పళ్ళతో విన్నట్టనిపించింది. ఎక్కడో దగ్గరలో రాయి మీద పిడుగు పడింది. కాలిన వాసన వచ్చింది. ఎక్కం ఆగిపోయింది.

"వదినా."

వడగళ్ళ తెర అవతల నీలంరంగు రెయిన్‌కోటు ముద్దలా కనబడుతోంది. కదలడం లేదు. లేవొద్దని ఆవిడే చెప్పింది. లేస్తే తప్పు, లేవకపోతే పాపం. బుల్లి ఊపిరి బిగించి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"వదినా, పదిహేడు ఎనిమిదులు ఎంత? చెప్పు."

నీలం ముద్ద అలాగే ఉంది.

"నూట ఇరవయ్యా?"

ముద్ద కదిలింది. లోపలినుంచి సన్నని గొంతు వచ్చింది. "నూట ముప్పై ఆరు. నూట ఇరవై ఎలా అవుతుందే? అది పదిహేను ఎనిమిదులు."

బుల్లి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. వాటిని తుడుచుకోకుండానే, "పదిహేడు తొమ్మిదులు నూట నలభై" అని అరిచింది.

"నూట యాభై మూడు. నిన్ను మూడోసారి పాస్ చేసిన మహానుభావుడెవరో."

అలా పద్దెనిమిదో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం కూడా నడిచాయి. బుల్లి కొన్ని కావాలని తప్పు చెప్పింది, కొన్ని నిజంగానే తప్పు చెప్పింది. ఏవి ఏవో ఆమెకే తేలలేదు. ఇరవయ్యోది తేలికని వదిన దాన్ని వదిలేసి ఇరవై ఒకటి మొదలుపెట్టేసరికి మెరుపుకూ ఉరుముకూ మధ్య పదిహేను సెకన్ల ఎడం వచ్చింది. అరగంట గడిచాక ఎండ కాసింది. పల్లమంతా తెల్లటి వడగళ్ళు పరుచుకుని ఉన్నాయి. ఇద్దరూ లేచి, తిమ్మిరెక్కిన కాళ్ళతో వెదుక్కుంటూ వెళ్ళి చేతికర్రలు తెచ్చుకున్నారు. మూడున్నరకు కనుమ దాటారు. పైన ఫొటో తీసుకోవాలని పట్టికలో ఉంది. ఎవరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం అవతలి బసలో, కట్టెల పొయ్యి చుట్టూ తడి బట్టలు ఆరేసి, టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు.

"నన్ను నువ్వన్నావు" అంది వదిన, పొయ్యివైపు చూస్తూ.

"ఎప్పుడు?"

"ఎనిమిదుల దగ్గర. చెప్పు అన్నావు."

"కంగారులో నోరు జారింది. ఏమీ అనుకోకండి."

"అదే ఉండనియ్." టీ ఒక గుక్క తాగి మళ్ళీ అంది. "నిన్ను మీ అన్నయ్య పంపాడనుకుంటున్నావా? ఆయన తన స్నేహితుడి భార్య పేరు చెప్పాడు. చాలా కొండలెక్కిందట ఆవిడ. బుల్లి వస్తేనే వెళ్తానన్నాను నేను."

బుల్లి గ్లాసు కింద పెట్టింది. "నేనా? నాకు చెప్పులతో నడవడమే సరిగ్గా రాదు."

"బట్టలివ్వడానికి నీ దుకాణానికి వస్తానా. వీధిలోకే మీ నవ్వులు వినిపిస్తాయి. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆగిపోతాయి. ఏళ్ళ తరబడి అంతే. లోపల ఏమనుకుని నవ్వుతారో ఒక్కసారయినా తెలుసుకోవాలని నాకు ఉండదా?"

బుల్లికి అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. "ఒక్కోసారి నీ గురించే వదినా."

"నా గురించా? ఏమని?"

"బట్ట ఇచ్చేటప్పుడు చీటీ రాసిస్తావు కదా. ఇంత బట్ట, ఇంత పొడవు, ఇన్ని అంగుళాల ముక్క మిగలాలి అని. ఆ చీటీ మా పనామె నీ గొంతుతో చదువుతుంది."

వదిన నిటారుగా కూర్చుంది. "మిగలాలి కదా మరి."

"మిగులుతుంది. సరిగ్గా అంతే మిగులుతుంది. అందుకే నవ్వొస్తుంది."

వదిన మొహంలో ముందు టీచరు కనబడింది. తర్వాత పెదవి చివర ఏదో కదిలింది. తర్వాత ఆవిడ టీ ఒలికేలా నవ్వింది. పక్క బల్ల మీద కూర్చున్న నడకవాళ్ళు తిరిగి చూశారు. "ఎలా చదువుతుందో నువ్వు చదివి చూపించు" అంది. బుల్లి చూపించింది. ఆ గొంతు అచ్చు అంతే ఉందని వదినే ఒప్పుకుంది.

అక్కడినుంచి నడక తీరే మారింది. వదిన ముందు నడవడం మానేసింది. దారి వెడల్పుంటే పక్కపక్కనే నడిచేవాళ్ళు. పన్నెండోరోజు వానకు పట్టిక కాగితం జేబులోనే జావయిపోయింది. వదిన దాన్ని పిండి చూసి, చెత్త సంచీలో వేసి, "ఎన్నింటికి తిందాం?" అని అడిగింది. ఆకలేసినప్పుడు తిందామని బుల్లి అంటే, కొత్త సూత్రం విన్నట్టు తలాడించింది.

పదహారోరోజున ముందున్న ఎత్తైన దారి అకాలపు మంచుతో మూసేశారని తెలిసింది. కింద లోయమీదుగా చుట్టు దారి ఉంది, రెండు రోజులు ఎక్కువ పడుతుంది. మిగతా నడకవాళ్ళలో సగంమంది బస్సు పట్టుకున్నారు. బుల్లి గుట్టెక్కి, సిగ్నల్ దొరికిన చోట దుకాణానికి ఫోన్ చేసింది. అన్నయ్యకు కూడా చేసింది.

"బస్సెక్కి వచ్చెయ్యండి, చాల్లే" అన్నాడతను. "మీ వదిన పట్టిక తప్పితే తట్టుకోలేదు."

బుల్లి కిందికి చూసింది. వదిన బండ మీద కాళ్ళు చాపి, నోరు తెరిచి, ఎండలో కునుకు తీస్తోంది.

"మేం నడిచే వస్తాం" అంది బుల్లి.

ఇరవై నాలుగోరోజు పదకొండింటికి దారి ఒక కార్ల పార్కింగులో, ఒక రేకు బోర్డు దగ్గర ముగిసింది. అన్నయ్య కర్ర పట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు. "ఎలా జరిగింది?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. కనుమ, వడగళ్ళు, చీటీ, లోయలో వాగు, ఊడిన బూటు, ఒకరి మాట మీద ఒకరు. అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "వదినా నువ్వు ఆగు, నేను చెప్తాను" అంది బుల్లి. అన్నయ్య చెల్లెల్ని ఒకసారి, భార్యను ఒకసారి చూసి, బ్యాగులు డిక్కీలో పెట్టాడు.

ఇద్దరూ వెనక సీట్లోనే ఎక్కారు. అతను ఇంజన్ స్టార్ట్ చేసి, "సరే, ఇప్పుడు మొదట్నుంచీ చెప్పండి" అన్నాడు. అద్దంలో చూస్తే వదిన తల బుల్లి భుజం మీదా, బుల్లి తల కిటికీ మీదా వాలిపోయి ఉన్నాయి. ఇరవై నాలుగు రోజుల మేజోళ్ళ వాసన కారంతా కమ్ముకుంది. అతను నాలుగు అద్దాలూ కిందికి దించి, నెమ్మదిగా రోడ్డెక్కాడు.