మూసిన తలుపు బొమ్మ

ఆత్మకూర్‌లో నేతచీరల అంచులకు డిజైన్లు గీసే మంజులకు ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు ఇప్పటికీ తీపిగానే గుర్తొస్తాయి. అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి నాలుగేళ్లవుతోంది. పిల్లలు పుట్టకుండా వేసే సూది సర్కారు దవాఖానాలకు అప్పుడప్పుడే వచ్చింది.

ఒకరోజు నర్సు సంధ్య వచ్చి ఆమె ఇంటి గచ్చు మీద చతికిలబడింది.

"అక్కా, పిల్లలు పుట్టకుండ ఏమేం ఉన్నయో అన్నీ చెప్తున్న. అందరు తలకాయ ఊపుతరు. ఆఖరికి 'నువ్వే ఏదో ఒకటియ్యి మేడం' అంటరు. ఎవరికేది కావాల్నో నాకేం ఎరుక? జర బొమ్మలు గీసియ్యరాదు, చూసి వాళ్లే చెప్తరు."

మంజుల అట్టముక్కల మీద మాత్రలు, కాపర్‌టీ, సూది, నిరోధ్, ఆపరేషన్ బొమ్మలు గీసింది. చూద్దామని మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు అన్నాలు తిని ఆమె వసారాలో చేరారు. అందరికన్నా ముందు, ఎవరూ పిలవకుండానే, నర్సింగమ్మ అవ్వ వచ్చి గోడకానుకుంది.

"నాకింక గీ లొల్లి లేదు గాని, మీ ముచ్చట్లు ఇననియ్యుండ్రి."

బొమ్మలన్నీ చూసి ఆమే పెదవి విరిచింది. "సామాన్లు గీసినవ్ బిడ్డా. మా కష్టం యాడ గీసినవ్?"

దాంతో ఒక్కొక్కరే నోరు విప్పారు. రోజూ మాత్ర యాదికుండదని ఒకామె, నెత్తురు ఎక్కువ పోతే మగ్గం గుంతలో ఎట్ల కూసుంటానని ఇంకొకామె, మళ్లీ బిడ్డ కావాలంటే పుడతదా అని మరొకామె. మంజుల గీస్తూ పోయింది.

"ఇంట్ల తెల్వొద్దు. అది గీయి," అంది అవ్వ.

మంజుల పెదవుల మీద వేలు పెట్టుకున్న ఆడమనిషిని గీస్తే, "పన్నునొప్పి లెక్కున్నది!" అని ఎవరో అనగానే అందరూ పడీ పడీ నవ్వారు. చివరికి మూసిన తలుపు గీసింది.

ఆ తర్వాత సంధ్య ఒక్కొక్కరినీ లోపలి గదిలో కూర్చోబెట్టి ముందు ఈ కష్టాల బొమ్మలే పరిచేది. వాళ్లు తీసుకున్న బొమ్మను బట్టి ఏది సరిపడుతుందో, దాంతో వచ్చే ఇబ్బందేమిటో చెప్పేది.

ఇద్దరు పిల్లల తల్లి నవనీతను ఆపరేషన్ చేయించుకొమ్మని అత్త ఉప్పలమ్మ పోరుతోంది. నవనీత మళ్లీ బిడ్డ కావాలనే ఉయ్యాల బొమ్మ, ఇంట్లో తెలియొద్దనే తలుపు బొమ్మ తీసి, అన్నీ విని సూది వేయించుకుంది. ముట్టు తప్పొచ్చని సంధ్య ముందే చెప్పింది. తప్పింది కూడా. ఉప్పలమ్మ అది కనిపెట్టి, "మళ్ల నెల తప్పినవా?" అని ఇల్లంతా ఎగిరింది. నవనీత ఏడుస్తూ మంజుల దగ్గరికి వచ్చింది.

"ఇంకెన్ని దినాలు దాస్త అక్కా? ఆయనకు చెప్తా."

చెప్పింది. భర్త శ్రవణ్‌కుమార్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత, "నాకు చెప్పకపోతివి," అని మాత్రం అన్నాడు. తల్లికి సర్దిచెప్పింది కూడా అతనే. సూది మూణ్ణెల్ల గడువు అయిపోయే వేళకు నవనీత మళ్లీ సంధ్య ముందు కూర్చుంది. సంధ్య మందలించలేదు. బొమ్మలు మళ్లీ పరిచింది. ఈసారి నవనీత తలుపు బొమ్మను పక్కకు జరిపి, కాపర్‌టీ కావాలంది. బయటికొచ్చి ఆ సంగతి మంజులకు చెబుతుంటే నవనీత ముఖం తేటగా ఉంది.

కొన్నాళ్లకు సంధ్యకు బదిలీ అయింది. కొత్త నర్సు చేతిలో ట్యాబు ఉంది. వేలు పెడితే ఆ కష్టాల గురించి ట్యాబే ప్రశ్నలు అడుగుతుంది. మంజుల చూసింది. మంచి ప్రశ్నలే, ఏదీ వదల్లేదు. కాకపోతే వసారాలో ఇప్పుడు ఎవరూ చేరరు.

మొన్న మహబూబ్‌నగర్ నుంచి నవనీత ఫోన్ చేసింది. అక్కడ చీరల దుకాణంలో పని చేస్తోంది.

"అక్కా, నర్సింగమ్మ అవ్వ మంచిగున్నదా?"

"పోయినేడు పోయింది బిడ్డా. నిద్రలనే."

"అయ్యో అవ్వా!" అంది నవనీత. తర్వాత సన్నగా నవ్వింది. "పన్నునొప్పి లెక్కున్నదని ముందుగాల అన్నది అవ్వనే గదా?"

"కాదు, నువ్వే అంటివి."

"నేనా? అంత ధైర్యం ఎక్కడిది అక్కా నాకప్పుడు?"

ఎవరన్నారో తేలలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతున్నా మంజుల ఫోన్ పెట్టలేదు.