ముళ్ళగోరింట సమాధి

ఈస్టరు దగ్గర పడుతోందంటే సమాధుల తోటలో సున్నం వాసన మొదలవుతుంది. ఎవరి పెద్దల సమాధులకు వాళ్ళు కలుపు పీకి, వెల్లవేసి, పండుగ తెల్లవారుజామున బంతిపూలూ కొవ్వొత్తులూ పెట్టాలి. నరసాపురం దగ్గరి ఆ ఊళ్ళో తరతరాలుగా అదే పద్ధతి. పెట్టనివాళ్ళ గురించి ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. ఈసారి అలా చెప్పుకోవడానికి రిటైరైన పాపాయమ్మ టీచరు దొరికింది.

ఆమె భర్త లాజరు సమాధి చుట్టూ ముళ్ళగోరింట మోకాలెత్తు పెరిగింది. ఆమె ఒక్క మొక్కా పీకలేదు. ఆ ఆకుల నిండా నల్లటి ముళ్ళ గొంగళిపురుగులు. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. అవే నాలుగు రోజులు పోతే సమాధి రాతికి ఎండుటాకుల్లా వేలాడి, గూడు చీల్చుకుని, పసుపు రెక్కల మీద నీలం చుక్కలతో సీతాకోకచిలుకలై బయటికొస్తాయి.

నిరుడు ఆమెకు వాటి సంగతి తెలియదు. ఏడవడానికే వచ్చి కూర్చునేది. ఒక మధ్యాహ్నం అలాంటి సీతాకోకచిలుక ఒకటి సమాధి పక్కన వట్టి మట్టి మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. తూనీగ వస్తే తరిమింది. తనలాంటిదే ఇంకొకటి వస్తే గోడ దాటేదాకా తరిమింది. చివరికి కాకి మీదికి కూడా లేచింది. ప్రతిసారీ తిరిగొచ్చి అదే చోట వాలింది. పిట్ట కొంచెం కూత ఘనం. పొట్టి లాజరు కూడా అంతే. డ్రిల్లు మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ తనకు రెండింతలున్న ప్రతివాడి మీదికీ వెళ్ళాడు. ఆయన పోయాక ఆమెకు మొదటిసారి నవ్వొచ్చింది ఆ రోజే. ముళ్ళగోరింట మీది పురుగులే అలా మారతాయని తర్వాత రోజూ వచ్చి చూసి తెలుసుకుంది.

ఈ ఏడు సంఘపెద్ద శ్యాంబాబు తోటంతటికీ గడ్డిమందు తెప్పించాడు. శనివారం పొద్దెక్కాక చిట్టియ్య అనే కూలీ చేత ట్యాంకు మోయించుకుని వచ్చాడు. పాపాయమ్మ అప్పటికే లాజరు సమాధి అరుగు మీద కూర్చుని ఉంది.

“లేవండి టీచరు గారూ, మందు మీద పడుద్దండి,” అన్నాడు శ్యాంబాబు.

“పడనివ్వండి.”

“కమిటీ తీర్మానమండి.”

“ఇంటివాళ్ళు చెప్పకుండా సమాధి మీద పరాయి చెయ్యి పడకూడదని మీ నాన్నగారే కట్టుబాటు పెట్టారు. ఆయన సమాధి అదిగో. వెళ్ళి అడిగి రండి.”

చిట్టియ్య నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు? శ్యాంబాబు ఆ ఒక్క సమాధినీ వదిలి మిగతా తోటంతా కొట్టించాడు. తుంపర్లు ఇటు రాకుండా పాపాయమ్మ చీరకొంగు అడ్డం పట్టుకుని నిలబడింది.

సాయంత్రం భీమవరం నుంచి కూతురు రూబీ దిగింది. తోటకు వెళ్ళి చూసి వచ్చి, “ఏంటమ్మా ఇది? అందరి సమాధులూ తెల్లగా మెరుస్తుంటే నాన్నది తుప్పల్లో ఉందేంటి? నాకు తల కొట్టేసినట్టుంది,” అంది. తల్లి సంగతంతా చెప్పింది. పురుగుల కోసమా అని రూబీ విసుక్కుని పడుకుంది.

మర్నాడు సమాధుల తోటలో ఈస్టరు ప్రార్థన ముగిసి తెల్లగా తెల్లవారింది. జనమంతా ఉండగానే శ్యాంబాబు కసి తీర్చుకున్నాడు.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మాస్టారిది దిక్కులేనివాళ్ళ సమాధిలా ఉందండి. ఈ ఏడాదికి సరే, మీరు కాపలా కూర్చున్నారు. మీ తర్వాత ఎవరు కూర్చుంటారు?”

ఆ మాట పాపాయమ్మకు గట్టిగానే తగిలింది. డెబ్బై దాటిన ఒళ్ళు, రాత్రంతా ఆమెను తొలిచిందీ అదే ప్రశ్న. అయినా వెంటనే జవాబిచ్చింది.

“నన్నూ ఆయన పక్కనే పెడతారు కదండి. మా ఇద్దరి మీదా ముళ్ళగోరింటే పెరగాలి. గడ్డిమందుతో ఎవరైనా వచ్చారా, తీర్పునాటి కడబూర మోగేదాకా ఆగను. వాళ్ళొచ్చిన రోజే లేచొస్తాను.”

కొందరు నవ్వారు. రూబీ నవ్వలేదు. దిక్కులేనివాళ్ళ సమాధి అన్న దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. ముందుకొచ్చి, తెచ్చిన బంతిపూల దండను ముళ్ళకంప మీదే వేసి, శ్యాంబాబు వైపు తిరిగింది.

“అమ్మ లేచి రానక్కర్లేదండి. నాన్నకి నేనున్నాను. వచ్చే ఏడు ఆ అరుగు మీద నేను కూర్చుంటాను. ముందు నా మీద కొట్టించండి.”