జెండా లేని కొయ్య

కొయ్య మీద జెండా లేదంటే సముద్రం మంచిగా ఉన్నట్టు. పూండికి తూర్పున, ఉద్దానం కొబ్బరితోటలు దాటాక వచ్చే ఆ బెస్తపల్లెలో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. తుఫాను పట్టేటట్టుంటే జిల్లా కచేరీ నుంచి పూండి రైలుస్టేషనుకు తంతి వార్త వచ్చేది. అక్కణ్ణించి మనిషి పరుగున కబురు తెచ్చేవాడు. కాపలాదారు దాలయ్య ఇసకదిబ్బ మీది కొయ్యకు పగలైతే ఎర్రజెండా, రాత్రయితే లాంతరు ఎక్కించేవాడు. అది చూస్తే ఒక్క తెప్ప కూడా నీళ్లలోకి దిగేది కాదు.

1936లో, కార్తీకమాసంలో ఒక ఉదయం ఆ కొయ్య ఖాళీగా ఉంది. ఊళ్లో తెప్పలన్నీ వేటకు వెళ్లాయి. దాలయ్య కొడుకు ఎల్లాజీ కూడా తన మేనమామ బైరాగి తెప్పలో వెళ్లాడు. మాఘంలో ఎల్లాజీ పెళ్లి.

పొద్దెక్కాక ఒక గుమాస్తా గొడుగు, సంచీ పట్టుకుని ఆయాసపడుతూ దిబ్బెక్కాడు. పేరు వైకుంఠరావు.

"జెండా, లాంతరు తీసుకుపోవడానికి వచ్చానయ్యా."

"ఎక్కడికి బాబూ?"

"కొత్త రాష్ట్రానికి. ఏప్రిల్లో జిల్లాను రెండు ముక్కలు చేశారు కదా. మా కచేరీ ఉన్న పైముక్క కొత్త రాష్ట్రానికి పోయింది. మీ ముక్క కింది జిల్లాలో కలిసింది. సామాన్ల పంపకాల్లో ఈ రెండూ మా వాటాకు వచ్చాయి."

దాలయ్యకు నవ్వొచ్చింది. "రాజ్జెం ఏలీవోలికి ఈ సిరుగుల జెండా ఏటికి బాబూ?"

"నవ్వకు. మా కచేరీ ధాన్యం కొట్లో నడుస్తోంది. ముగ్గురు చేసే పని నా ఒక్కడి నెత్తిన పడింది. సొంత రాబడి లేదు, ఢిల్లీవాళ్లు ఇచ్చిందే ఆధారం. మొన్న ఒక్క కుర్చీ కోసం ఇద్దరు ఆఫీసర్లు తగువు పడ్డారు. కొత్త జెండా కొనమంటే ఎవడు మంజూరు చేస్తాడు?"

అంటూనే ఆయన కొయ్య మొదట్లో ఉన్న జెండా తీసి, మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

"మరి తంతి ఒత్తే నానేటి ఎగరెయ్యాల?"

"మీ ఊరికి తంతి ఎక్కడిది? ఆగిపోయి ఏడు నెలలైంది. ఆ ఖర్చు మాది కాదని మేం మానేశాం. కింది జిల్లా పద్దుల్లో మీ ఊరు ఇంకా ఎక్కినట్టు లేదు."

ఇన్నాళ్లూ తంతి రాకపోవడం గంగమ్మ దయ అనుకున్నాడు దాలయ్య. తంతి ఇచ్చేవాడే లేడని ఇప్పుడు తెలిసింది. గబుక్కున సముద్రంవైపు తిరిగాడు. తూర్పున ఆకాశం రాగిచెంబు రంగులో ఉంది. గాలి లేదు. గాలి లేకుండానే కెరటాలు కొండల్లా లేస్తున్నాయి. పక్షులు గుంపులుగా తోటలమీదికి పోతున్నాయి.

"బాబూ... గాలివాన కబురేటైనా మీకు ఒచ్చినాదా?"

గుమాస్తా చెయ్యి సంచీ మీద ఆగింది. "నిన్న మధ్యాహ్నం మా రేవులన్నిటికీ వెళ్లింది. మీ రేవు మాది కాదుగా. పద్దుల్లో లేకపోయినా కింది జిల్లావాళ్లు మనిషినైనా పంపి చెప్పి ఉంటారనుకున్నాను."

"ఎవులూ సెప్పనేదు బాబూ! నా గుంటడు సంద్రం మీదున్నాడు! ఆ జెండా ఇలాగియ్యి!"

వైకుంఠరావు సంచీని గుండెకు అదుముకున్నాడు. "ఊరు మాది కాదు. జెండా నీది కాదు. ఏ ఆర్డరు మీద ఎగరెయ్యమంటావు?"

అన్నాడే గాని, తన మాట తన చెవికే తగిలింది. మరుక్షణం తానే సంచీ తెరిచాడు. ఇద్దరూ కలిసి తాడు లాగి జెండా ఎక్కించారు. ప్రయోజనం లేకపోయింది. తెప్పలు చాలా దూరం పోయాయి. మధ్యలో మసక కమ్మింది. అంతదూరానికి ఆ గుడ్డముక్క కనబడదు.

అప్పటికే దాలయ్య భార్య బొడ్డమ్మ పరుగున వచ్చింది. జరిగింది విని, ఒక్క క్షణం కొడుకు వెళ్లిన దిక్కు చూసింది.

"మావా, సావుపొగ ఎయ్యి."

దాలయ్య ఉలిక్కిపడ్డాడు. ఒడ్డున ఎవరైనా చనిపోతే పచ్చి కొబ్బరిమట్టలు గుట్టపోసి పొగబెడతారు. ఆ నల్లటి పొగ ఎంత దూరానికైనా కనిపిస్తుంది. చూసినవాడు వల కోసుకునైనా సరే వచ్చెయ్యాలి. కాని పొగ వేశాక చచ్చినవాళ్ల పేరు గంగమ్మకు చెప్పాలి. ఊరికే పొగవేస్తే ఊరికి అరిష్టమని వాళ్ల నమ్మకం.

"ఎవుల పేరు సెప్తావే?"

"నా పేరు సెప్పు."

"మతి పోనాదేటే? పేరు సెప్పినాక ఏడాది పొడుగునా సచ్చినదానికిందే లెక్క. మాఘంలో పెళ్లుందే! పందిట్లోకి రానివ్వరే నిన్ను!"

"పెళ్లికొడుకు బతికుంటే కదేటి పందిరి! మట్టలు నరుకు!"

దాలయ్య నరికాడు. బొడ్డమ్మ మోసింది. గుమాస్తా కూడా గొడుగు పారేసి, పంచె ఎగగట్టి మట్టలు ఈడ్చాడు. పొగ నల్లగా, నిట్టనిలువుగా లేచింది. దాలయ్య సముద్రానికి పెళ్లాం పేరు చెప్పాడు.

ఎంతకీ ఒక్క తెప్పా కనబడలేదు. తరువాత మసకలోంచి ఒక తెప్ప, వెనక మరొకటి. గాలి మొదలైంది. చివరి తెప్ప ఒడ్డు దగ్గరే బోల్తాకొట్టింది. అందరూ మెడలోతు నీళ్లలోకి దూకి మనుషుల్ని ఈడ్చుకొచ్చారు.

ఎల్లాజీ ఏడుస్తూ దిబ్బెక్కాడు. ఎదురుగా తల్లి. వెనకే బైరాగి మండిపడుతూ అక్క దగ్గరికి వచ్చాడు.

"వల కోసీసి ఒచ్చినానే అప్పా! ఎవులే పోయింది?"

"నానేరా."

"ఏటే ఈ యెటకారం?"

అతనింకా ఏదో అనబోయాడు. ఆ మాటను గాలి ఎత్తుకుపోయింది. జెండా కొయ్య నడిమికి విరిగి ఇసకలో పడింది. తోటలో కొబ్బరిచెట్లు ఫెళఫెళమని కూలుతున్న చప్పుడు విని బైరాగి బిక్కచచ్చిపోయాడు. అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

మర్నాటికి గాలి తగ్గింది. ఇళ్లు చాలావరకు పోయాయి. మనుషులందరూ మిగిలారు. ఊరిపెద్దలు కళ్లనీళ్లతోనే చెప్పారు: బొడ్డమ్మ ప్రాణం పోసిన మాట నిజమే, కాని గంగమ్మకు ఇచ్చిన మాట మాటే, ఏడాది వరకు ఏ శుభకార్యంలోనూ ఆమె నిలబడకూడదు. బొడ్డమ్మ తల ఊపింది. పక్కనే నిలబడ్డ ఎల్లాజీ చెయ్యి మాత్రం వదల్లేదు.

వైకుంఠరావు విరిగిన కొయ్యకు చుట్టుకుపోయిన జెండా విప్పాడు. సంచీలో పెట్టుకోలేదు. దాలయ్య చేతిలో పెట్టాడు.

"మరి మీ కచేరీలో ఏటి సెప్తావు బాబూ?"

"జరిగింది జరిగినట్టు చెబుతాను. కొత్త రాష్ట్రానికి డబ్బు లేదు, అది నిజం. మనుషులు చాలరు, అదీ నిజమే. కాని నిన్న కావలసింది ఒక్క తంతి ఖర్చు. రెండు ప్రభుత్వాలూ నీదంటే నీదనుకున్న ఆ ఖర్చును ఈ తల్లి పెట్టింది. కొడుకు పెళ్లి చూసుకునే భాగ్యం ఇచ్చి చెల్లించింది. దీన్ని ఏ పద్దు కింద రాయమని అడుగుతాను."

దాలయ్య ఆ తడి జెండాను పిండి, విరిగిన కొయ్యకే ఆరవేశాడు.

రాజ్యాలు విడిపోవచ్చు, కొత్తవి పుట్టవచ్చు, ఖర్చెవరిదో తీరిగ్గా తేల్చుకోవచ్చు; అది తేలేదాకా ప్రజల ప్రాణాలకు కాపలా మాత్రం ఒక్క పూటైనా ఆగకూడదు.