సోంబేరి విన్న ఊఁ

మా సోంబేరికి ఏమొచ్చిందో నాకు బొత్తిగా అర్థం కాలేదు. ఇంట్లో పాట పెడితే చాలు, నా చుట్టూ బొంగరంలా తిరుగుతాడు, నా కాళ్ల మధ్య దూరి అవతల తేలతాడు, తలెత్తి వెనక్కి నడుస్తాడు. అదే పాట, అవే మాటలు, అదే నేను. శిక్షణ హాలుకి తీసుకెళ్తే మాత్రం నా ముందు చతికిలబడి, రాని బస్సు కోసం కూర్చున్నట్టు తలుపు వైపు చూస్తాడు.

సోంబేరి అంటే మా కుక్క. తెచ్చిన కొత్తలో సోఫా కిందనుంచి కదలకపోతే మా ఆయన ఆ పేరు పెట్టారు. పెట్టి, మళ్లీ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన గడియారాలు బాగుచేస్తారు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, ఒక కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు. ఆ గదిలో మిగిలిన సగమే మాకు, అంటే నాకూ సోంబేరికీ, పాట సాధన చేసుకునే చోటు.

హాల్లో కుక్కలకీ వాటి మనుషులకీ కలిపి డాన్సు నేర్పే టీచరమ్మ నాచేత అన్ని ప్రయత్నాలూ చేయించింది. "తిరుగు" అని గట్టిగా చెప్పమంది. చెప్పాను. మెల్లగా చెప్పమంది. అలాగే చెప్పాను. నేల జారుతోందేమోనని చాప పరిపించింది. పాట చప్పుడు తగ్గించింది. చివరికి విసుగొచ్చి, "ఇంట్లో చేస్తాడన్న మాట నిజమేనా అండీ?" అంది. నాకు ఒళ్లు మండింది. కుక్క మీద అబద్ధాలు చెప్పుకుని బతకాల్సిన ఖర్మ నాకేంటి?

"శనివారం చివరిసారి చూస్తానండీ. అప్పుడూ కదలకపోతే ఆదివారం ప్రదర్శనలో మీ బదులు వేరే జంటని పెట్టక తప్పదు," అంది.

ఆ ప్రదర్శన నాకెంత కావాలో ఆవిడకేం తెలుసు. పంటి డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుని "తర్వాతెవరండీ" అనడం నా ఉద్యోగం. ఆ మాట అనగానే అందరూ లేచి నన్ను దాటుకుని లోపలికి పోతారు. ఒక్కసారి నలుగురూ కూర్చుని నన్ను చూడాలని నాకు కోరిక. చిన్న కోరికే, కానీ నాది.

గురువారం పొద్దున వంటగదిలోంచి మా ఆయనతో, "ఈ ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోందండీ, ఎవరినైనా పిలవండి," అన్నాను.

"ఊఁ," అన్నారు ముందు గదిలోంచి.

గుమ్మంలో పడుకున్న సోంబేరి లేచి, ఒక చుట్టు తిరిగి, బిస్కెట్టు కోసం నా వైపు చూశాడు. పాట లేదు, ఏమీ లేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కాసేపటికి ఆయన బజారుకి వెళ్లగానే "తిరుగు" అన్నాను. కూర్చుని తలుపు వైపు చూశాడు. ఆయన వచ్చి భూతద్దం పెట్టుకున్నాక మళ్లీ "తిరుగు" అన్నాను. బల్ల దగ్గర్నుంచి "ఊఁ" అని వినబడింది. సోంబేరి తిరిగాడు.

అప్పుడు తట్టింది. నా గొంతు వినబడితే చాలు, ఆయన ఊఁ కొడతారు. ఎవరితో అన్నానో, ఏమన్నానో అక్కర్లేదు. ఆ గదిలో టిక్కుటిక్కుల్లాగే ఆ ఊఁ కూడా నా చెవులకి అలవాటైపోయింది. కుక్క మాత్రం పట్టుకుంది. అమ్మ తిరుగు అనో తిరుగుతూ అనో ఏదో అంటుంది, నాన్న ఊఁ అంటాడు, అప్పుడు కదలాలి. ఇంతే వాడు నేర్చుకున్నది.

నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. నేను ఆయనతో మాట్లాడితే కొట్టిన ఊఁలకీ, కుక్కతో మాట్లాడితే కొట్టిన ఊఁలకీ తేడాయే లేదన్నమాట. మరి ఇన్నేళ్లూ నేను ఎవరితో మాట్లాడినట్టు?

"శనివారం మీరు హాలుకి రావాలి," అన్నాను.

"ఊఁ."

"విన్నారా?"

భూతద్దం తీశారు. "ఏంటి?"

అంతా చెప్పాను. ఆయన మొహంలో నాకంటే ఎక్కువ అయోమయం. "నేనెప్పుడు ఊఁ అన్నాను?" అన్నారు. పాపం, నిజంగానే తెలియదు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పాట మొదలైంది. "తిరుగు," అన్నాను. ఆయన ముందుకి వంగి, కళ్లు నా మీదే పెట్టి, "ఊఁ," అన్నారు, చక్కగా, స్పష్టంగా. సోంబేరి ఆయన్ని చూసి తోకూపాడు. కదల్లేదు. మళ్లీ అన్నాను, మళ్లీ ఊఁ అన్నారు. తోక ఊగింది తప్ప కాళ్లు లేవలేదు.

ఇది ఆ ఊఁ కాదని వాడికి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. ఇది వింటున్న ఊఁ.

టీచరమ్మ గడియారం చూసుకుంటోంది. ఇక చేసేదిలేక, పాట మధ్యలోనే, "ఏవండీ, ఆ ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోంది, ఎవరినైనా పిలవండి," అన్నాను.

"ఫ్యాను బాగుచేసేవాడికి నిన్ననే చెప్పానే, సాయంత్రం వస్తానన్నాడు," అన్నారు ఆయన.

హాలంతా నవ్వింది. సోంబేరి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి పడుకున్నాడు. టీచరమ్మ నా దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి," అని, వేరే జంటని పిలిచింది.

తిరిగి ఇంటికి నడుస్తుంటే నా మనసు నాకే అంతుపట్టలేదు. ఆదివారం పోయిందని ఉక్రోషంగా ఉంది. ఆయన పాట సాగినంతసేపూ నన్నే చూశారని లోపల ఎక్కడో వెచ్చగానూ ఉంది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను. ఆయన సోంబేరి గొలుసు పట్టుకుని నా పక్కనే నడుస్తున్నారు. ఆ మాట చెప్పాలనిపించింది. సిగ్గేసింది, అయినా చెప్పాను.

"పోతే పోయింది లెండి. ఇలా మీతో కలిసి తిరుగుతుంటే నాకు ఎంతో బాగుంది."

ఆయన ఎదురుగా కొట్టు గోడకున్న గడియారం కేసి చూస్తున్నారు. అది వెనకబడి నడుస్తోంది కాబోలు.

"ఊఁ," అన్నారు.

సోంబేరి ఠక్కున ఆగి, నడిరోడ్డు మీద ఎంతో అందంగా ఒక చుట్టు తిరిగి, నా మొహంలోకి చూశాడు. బిస్కెట్టు ఇవ్వాలో వద్దో తెలియక, సంచిలో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాను.