కంటి ఆసుపత్రిలో కింద తొట్టె

నేను ఒక గాజు తొట్టెను; అందులోనూ బల్ల కింద, చాలాకాలం తలుపుల వెనక బతికిన తొట్టెను. విశాఖపట్నంలో యాకూబ్ అనే గాజుపనివాడు, ఒక బట్టల దుకాణానికి అద్దాలు బిగించగా మిగిలిన ముక్కలు కోసి, అంటించి నన్ను తయారుచేశాడు. కొన్నది కంటి డాక్టరు భానోజీరావు. ఆయన ఆసుపత్రి హాల్లో, నా పైనున్న బల్ల మీద పెద్ద ఉప్పునీటి అక్వేరియం ఉంది. చేపలు తిరిగేది అందులో. దాని నీళ్లు గొట్టంలోంచి నాలోకి దిగుతాయి. నాలోని సముద్రపు నాచు చేపల మలినాన్ని పీల్చుకుని పెరుగుతుంది. తేరిన నీళ్లను మోటారు మళ్లీ పైకి పంపుతుంది. డాక్టరు నన్ను రెఫ్యూజియం, అంటే తలదాచుకునే చోటు, అంటాడు. మిగతావాళ్లకు కింద తొట్టెను. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లెవరూ అప్పట్లో నన్ను చూసింది లేదు.

ఆ రోజుల్లో నా తలుపు తీసేది నూకరత్నం ఒక్కతే. జాలరిపేట మనిషి, ఆసుపత్రిలో ఆయా. వారానికోసారి నాచు పైకి తీసి, ఎక్కువ పెరిగింది తుంచేసి, మిగిలింది కుళాయి కింద శుభ్రంగా కడిగి మళ్లీ వేయాలన్నది డాక్టరు ఆజ్ఞ. ఆవిరైన మేరకు మంచినీళ్లు పోయాలి. సముద్రపు తొట్టెకు మంచినీళ్లేమిటని ఆమె మొదట్లో అడిగింది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదని ఆయన చెబితే, ఎండుచేప మీద ఉప్పు మిగిలినట్టేనా అని తనే తేల్చుకుంది. అడక్కుండా ఏ పనీ చేయని మనిషి. నాచును ఎందుకు కడగాలన్నది ఒక్కటే అడగలేదు.

ఒక ఏడు డాక్టరు ముచ్చటపడి మాండరిన్ చేపను తెచ్చాడు. వేలెడంత ఒంటి మీద నీలం, నారింజ రంగుల వంకీలు. అందమెంతో పెంకితనమూ అంతే. గుళికలు వేస్తే ముట్టదు, రొయ్య తురిమి వేస్తే తిరిగి చూడదు. పొద్దస్తమానం రాళ్లను మూతితో పొడుచుకుంటూ తిరిగేది. నెల తిరిగేసరికి పొట్ట లోపలికి పోయింది. చేపల దుకాణానికి తిరిగిచ్చేస్తానన్నాడు డాక్టరు.

అది రాళ్ల మీద ఏం వెతుక్కుంటోందో నూకరత్నానికి అంతుపట్టలేదు. ఆ వారం నాచును తెల్ల బేసినులో పెట్టి, కుళాయి తిప్పబోతూ ఆగింది. బేసిను అడుగున ఇసుక రేణువులంత చుక్కలు గంతులు వేస్తున్నాయి. కుళాయి కొద్దిగా తిప్పింది. మంచినీళ్లు తగలగానే ఒక్కొక్కటే కదలడం మానేశాయి. చేపల నోటికి అందకుండా నాలో పుట్టి పెరిగి, నీళ్లతో పాటు పైకి పోయి వాటికి మేత కావలసిన పురుగులవి. ఆమె గబుక్కున కుళాయి కట్టేసింది. తర్వాత బేసిను ఎత్తుకుని తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్లింది.

"ఇన్నాళ్లూ దాని కూడు నా సేతుల్తోనే కడిగి పారబోసినాను బాబూ," అంది.

కడగమన్నది తనేనని డాక్టరుకు గుర్తొచ్చింది. ముఖం ఎర్రబడింది. తప్పు తెలిసిన మనిషికి ఎక్కడలేని తొందరా పుడుతుంది కాబోలు, అయితే చేపనే నాలో వదిలేద్దామన్నాడు.

"వొద్దు బాబూ. వండకముందే గిన్నె నాకేత్తాది. ఇరవై రోజులు నాచును ముట్టకుండా ఒగ్గీండి."

ఆయన ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆమె నా తలుపు తీసి చూసేది, లేచి పైన చేపను చూసేది. పన్నెండో రోజున అది రాతికి ఆనుకుని పక్కకు వాలిపోయింది. ఇక లాభం లేదన్నాడు డాక్టరు. ఆమె ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. నా గోడల నిండా మాత్రం తెల్లచుక్కలు పాకడం మొదలుపెట్టాయి. మర్నాడు చేప లేచి, మోటారు నీళ్లు పడే చోటికి చేరి, అక్కడే పొడుచుకుంటూ ఉండిపోయింది. ఇరవయ్యో రోజుకు దాని పొట్ట నిండుగా కనిపించింది. అది మరో మూడేళ్లు బతికింది.

డాక్టరు నా ముందున్న తలుపులు ఊడదీయించి, ఎదురుగా ఒక స్టూలు వేయించాడు. ఇందులో ఏమీ లేదే అని అడిగినవాళ్లను నూకరత్నం కాసేపు కూర్చోమనేది. ఒకనాడు, ఆ పొద్దునే కంటి కట్టు విప్పించుకున్న చిట్టియ్య అనే పెద్దాయన కూర్చుని, వంగి, అలాగే ఉండిపోయాడు.

"కదుల్తన్నాయమ్మా," అన్నాడు. "బోలెడున్నాయి."

ఆటో వచ్చిందని కూతురు రెండుసార్లు పిలిచినా ఆయన లేవలేదు.